అనువాదం చూసి కొన్న జర్మన్, స్పానిష్ డొమైన్ పేర్లకు అసలు ఎంత ధర పలుకుతుంది?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైనంతలో చెబుతాను. మీరు పోయిన ఏడాది పద్నాలుగు పరభాషా డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ చిరునామాలు, రిజిస్టర్ చేశారు. వాటిలో జర్మన్‌వి ఆరు, స్పానిష్‌వి అయిదు, ఫ్రెంచ్‌వి రెండు, జపనీస్ లిపిలో ఒకటి. అన్నీ డాట్ కామ్‌లే. ఇంగ్లిష్‌లో మంచి ధర పలికే మాటలను అనువాద యంత్రంలో వేసి, వచ్చిన మాటల్లో ఖాళీగా ఉన్నవాటిని తీసుకున్నారు. ఒక ఉచిత అంచనా సాధనం వాటన్నిటికీ కలిపి 41,000 డాలర్ల విలువ చూపిస్తోంది. రెన్యువల్ గడువు దగ్గరపడింది కనుక ఆ అంకెను నమ్మవచ్చా, లేకపోతే విలువ ఎలా కట్టాలి, తెలుగు లిపిలో పేర్లు కూడా ఇలాగే కొనవచ్చా అని అడిగారు.

ఆ అంకెను నమ్మకండి. మీ జాబితాలో నేనైతే రెన్యువల్ డబ్బు పెట్టేవి రెండే, అవి కూడా ఓపిగ్గా ఉంచుకుంటే ఎప్పుడో ఒకనాడు ఒక్కొక్కటి 500 నుంచి 900 డాలర్ల మధ్య పోయే రకం. ఫ్రెంచ్ రెండింటి సంగతి ఇంకా తేలలేదు, మిగతా పదింటికి మారుబేరం లేదు. పరభాషా పేరుకు ధర పెట్టేది ఆ మాటను తన దుకాణం బోర్డు మీద రాసుకునే అక్కడి వ్యాపారి ఒక్కడే; అలాంటి వ్యాపారులు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఆ మాటను సరిగ్గా అదే రూపంలో వాడతారా, ఆ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర డాట్ కామ్ లాంటి ముక్క) మీద వాళ్లకు మక్కువ ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం విలువ తేలినట్లే.

నేను 2009 నుంచి విజయవాడలో కూర్చుని ఈ వ్యాపారం చేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర దాదాపు మూడు వందల పేర్లున్నాయి, వాటిలో మూడింట రెండు వంతులు జర్మన్ మాటలే. జర్మన్ మాట్లాడగలను, స్పానిష్ చదవగలను, మిగతా భాషలు రావు కనుక వాటి జోలికి పోను. అందుచేత కింద రాసేదంతా ప్రధానంగా ఈ రెండు భాషల సంగతే.

అంచనా సాధనాలు పరభాష దగ్గర ఎందుకు బోల్తా పడతాయి

ఈ సాధనాలు పేరును ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలున్న పాత అమ్మకాలనూ, వెతుకులాటల సంఖ్యనూ, ప్రకటనకర్తలు ఒక్కో క్లిక్కుకు చెల్లించే ధరనూ చూసి అంకె చెబుతాయి. వాటి దగ్గరున్న పాత అమ్మకాల్లో అత్యధికం ఇంగ్లిష్‌వి. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం, హ్యాండీ అంటే మొబైల్ ఫోను, రాట్ అంటే సలహా లేదా సభ. ఈ మాటలున్న పేరును సాధనానికి చూపిస్తే, అది కానుకల దుకాణాన్నో ఎలుకల మందునో ఊహించుకుని ధర కడుతుంది. మీ జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ విలువ చూపించిన పేరు సరిగ్గా ఇలాంటిదే. అందులో ఇంగ్లిష్ మాట ఒకటి పొరపాటున దూరి ఉంది, ధర దానికి పడింది.

మాట రూపం: ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు

మీరు తీసుకున్న 'హౌస్‌ఫెర్జిషెరుంగ్' చూద్దాం. ఇంటి బీమా అని దాని అర్థం, అనువాదంలో తప్పు లేదు, జర్మన్‌లు మాటల్లో అలా అనడమూ కద్దు. అయితే అక్కడి బీమా కంపెనీలు అమ్మే పాలసీలు వేరు: కట్టడానికి చేసే బీమా 'వోన్‌గెబోయ్డెఫెర్జిషెరుంగ్', ఇంట్లో సామానుకు చేసే బీమా 'హౌస్‌రాట్‌ఫెర్జిషెరుంగ్'. ఏజెంటు బోర్డు మీదా, పాలసీ కాగితం మీదా, ప్రకటనల్లోనూ ఉండేవి ఈ రెండు పొడవాటి మాటలే. మనకు అంత పొడవు మాట డొమైన్‌గా పనికిరాదనిపిస్తుంది, ఇంగ్లిష్ పేర్లకు అలవాటు పడిన కన్ను పొట్టివాటినే వెతుకుతుంది. జర్మన్‌కు ఆ పొడవు అడ్డు కాదు, మాటలను అతికించి ఒకటిగా రాయడం వాళ్ల భాష స్వభావం. అలాగే రెండు మాటల మధ్య చిన్న గీత పెట్టడం ఇంగ్లిష్ పేర్లలో చవకబారు లక్షణంగా చూస్తారు కానీ, జర్మన్ మార్కెట్లో గీత ఉన్న పేర్లు కూడా మర్యాదగానే చలామణీ అవుతాయి. విలువ తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు.

పాత కారుకు అనువాద యంత్రం కొన్నిసార్లు రెండు మాటల పదబంధాన్ని ఇస్తుంది. జర్మనీలో ఏ పాత కార్ల షెడ్డు ముందు నిలబడినా కనిపించే మాట 'గెబ్రౌహ్ట్‌వాగెన్' ఒక్కటే. నిఘంటువుకూ బోర్డుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలవడానికి నేను చేసే పని చాలా సాదాది: గూగుల్‌లో దేశం జర్మనీ, భాష జర్మన్ అని పెట్టి ఆ మాటను వెతికి, మొదటి పేజీలో డబ్బు కట్టి పెట్టిన ప్రకటనలు ఎన్ని ఉన్నాయో, వాటి శీర్షికల్లో నా మాట యథాతథంగా ఉందో లేదో చూస్తాను. ప్రకటన ఒక్కటీ లేకపోతే ఆ మాటతో అక్కడ ఎవరికీ వ్యాపారం లేదనుకుని వదిలేస్తాను. ప్రకటనలున్నా శీర్షికల్లో వేరే మాట ఉంటే, కొనవలసింది ఆ వేరే మాట.

స్పానిష్‌లో చిక్కు ఇంకో రకం. సుమారు ఇరవై దేశాల భాష అది, ఒక్కో దేశంలో ఒక్కో మాట. మన దగ్గర ఒక ప్రాంతంలో సొరకాయ అన్నది ఇంకో ప్రాంతంలో ఆనపకాయ అయినట్లు, స్పెయిన్‌లో కంప్యూటరు 'ఒర్దెనదోర్', మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా 'కొంపుతదోరా' లేదా 'కొంపుతదోర్'. నేను 2014లో కంప్యూటర్ల మరమ్మతు అనే అర్థం వచ్చే పేరొకటి 'ఒర్దెనదోర్' మాటతో కొని, స్పానిష్ మాట్లాడేవాళ్లు నలభై కోట్లకు పైనే కదా అనుకుని, మెక్సికో సిటీలోనూ కొలంబియా రాజధాని బొగోటాలోనూ ఉన్న మరమ్మతు దుకాణాలకు నలభైకి పైగా ఉత్తరాలు రాశాను. బొగోటా నుంచి ఒకే ఒక జవాబు వచ్చింది: మీ మాట బాగుంది, స్పెయిన్‌లో అమ్ముకోండి అని. అంతే, ఒక్క వాక్యం. పద్నాలుగు నెలల తర్వాత వలెన్సియాలో ఒక దుకాణదారుకు 640 యూరోలకు పోయింది. నలభై కోట్ల మార్కెట్టనుకున్నది ఒక్క స్పెయిన్‌కు, అంటే సుమారు నాలుగున్నర కోట్లకు పైబడిన జనాభాకు కుదించుకుపోయింది. ఏ మాట ఏ దేశానిదో తెలియకుండా స్పానిష్ పేరు కొనకండి. మీ అయిదింటిలో అద్దె కార్లకు సంబంధించిన పేరుది ఇదే సమస్య: అందులో అద్దెకు వాడిన 'రెంతా' మెక్సికో వాడుక, కార్లకు వాడిన 'కోచెస్' చూడగానే స్పెయిన్ గుర్తొచ్చే మాట. స్పెయిన్ వ్యాపారి అయితే 'అల్కిలేర్' అంటాడు. మీ పేరు రెండు ఊళ్ల మధ్య ఆగిపోయిన బండిలా ఉంది.

గుర్తులున్న అక్షరాలు

స్పానిష్‌లో ఎన్ అక్షరం మీద వంకర గీత, జర్మన్‌లో ఏ, ఓ, యు అక్షరాల మీద రెండు చుక్కలు ఉంటాయి. డొమైన్ వ్యవస్థ లోపల ఈ అక్షరాలు నేరుగా నడవవు. ప్యూనీకోడ్ అనే పద్ధతిలో వాటిని మామూలు లాటిన్ అక్షరాలుగా మార్చి, ముందు ఎక్స్ ఎన్ అనే రెండు అక్షరాలూ రెండు గీతలూ తగిలిస్తారు. జర్మనీ ఎక్స్‌టెన్షన్ అయిన డాట్ డీఈ పేర్లను నమోదు చేసే సంస్థ డెనిక్ 2004 మార్చి 1 నుంచి చుక్కల అక్షరాలను అనుమతిస్తోంది. ఇన్నేళ్లయినా, మెయిల్ చిరునామాలో ఆ అక్షరాలను ఒప్పుకోని వ్యవస్థలు చాలా ఉన్నాయి. వ్యాపారికి డొమైన్ కొనడంలో సగం ప్రయోజనం మెయిల్ చిరునామాయే కాబట్టి, ఇది ధర మీద గట్టి దెబ్బ.

నాకు జరిగింది చెబుతాను. తాళాలు తీసేవాళ్లను జర్మన్‌లో 'ష్లుస్సెల్‌డీన్స్ట్' అంటారు, అందులో యు మీద చుక్కలుంటాయి. రాత్రి పూట తలుపు దానంతట అదే మూసుకుపోయి వీధిలో నిలబడ్డవాడు వెతికే మాట గనుక ప్రకటనల ధర బాగా ఎక్కువ. నలభై వేల జనాభా ఉన్న ఒక ఊరి పేరు దానికి జోడించి, చుక్కలున్న రూపాన్ని డాట్ డీఈలో కొన్నాను. చుక్కలు తీసేసి యు పక్కన ఈ చేర్చి రాసే రూపం అప్పటికే వేరేవాళ్ల దగ్గరుంది. ఆ ఊళ్లో తాళాల పనివాళ్లు అయిదుగురు. అందులో ఒకాయన ఫోన్లో ఓపిగ్గా మాట్లాడి, నా వ్యాను వెనక ఆ పేరు రాయించుకోగలను గానీ, కస్టమరు బ్యాంకు నుంచో బీమా కంపెనీ నుంచో నాకు మెయిల్ పంపాలంటే ఎలా పంపుతాడని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మూడేళ్లు ఉంచుకుని చివరికి ఆయనకే 90 యూరోలకు ఇచ్చేశాను. అప్పటి నుంచి నా లెక్క ఇది: చుక్కలున్న రూపం విలువ, చుక్కలు లేకుండా రాసిన రూపం విలువలో అయిదో వంతు మించదు, రెండూ కలిసి దొరికితే తప్ప మొదటిదాన్ని తాకను.

స్పానిష్‌లో మామూలు స్వర గుర్తులను డొమైన్‌లో వదిలేయడం అక్కడివాళ్లకు అలవాటే, కనుక పెద్ద నష్టం లేదు. కానీ ఎన్ మీది వంకర గీత తీసేస్తే అది వేరే అక్షరం అవుతుంది. సంవత్సరం అనే మాటలో ఆ గీత పోతే మలద్వారం అని అర్థం వస్తుంది. వార్షికోత్సవాల కోసమని మీరు కొన్న పేరును ఒకసారి ఈ కళ్లతో చూడండి.

ఎక్స్‌టెన్షన్

జర్మన్ వ్యాపారికి మొదటి ఎంపిక డాట్ డీఈ. కోటీ డెబ్బై లక్షలకు పైగా పేర్లున్న ఎక్స్‌టెన్షన్ అది. అక్కడి జనానికి అదే ఇంటి చిరునామా. జర్మన్ మాటకు డాట్ కామ్ సాధారణంగా రెండో రకం సరుకు. ఆస్ట్రియాకు, స్విట్జర్లండ్‌కు కూడా అమ్మే కంపెనీలకు తప్ప పెద్దగా ఆసక్తి ఉండదు. స్పానిష్‌కు పరిస్థితి తలకిందులు: దేశాలు చాలా గనుక డాట్ కామ్‌కే గిరాకీ. బ్రెజిల్ పోర్చుగీసుకు డాట్ కామ్ డాట్ బీఆర్ ముఖ్యం, దాన్ని కొనాలంటే ఆ దేశపు పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి, కనుక మనకు దారి మూసినట్లే. ఫ్రాన్స్ వాళ్ల డాట్ ఎఫ్ఆర్‌కు యూరప్ చిరునామా కావాలి. డాట్ డీఈని మాత్రం మన దేశం నుంచి కూడా కొనుక్కోవచ్చు.

పాత అమ్మకాలను చూసి మోసపోకండి

జర్మన్ మాటల గురించి చదివినవాళ్లంతా 2008 నాటి రెండు అమ్మకాలను చెబుతారు: 'క్రెడిట్' డాట్ డీఈ 8,92,500 యూరోలకు, 'షాపింగ్' డాట్ డీఈ దాదాపు ఇరవై లక్షల యూరోలకు పోయాయి. అవి ఒక్క మాట పేర్లు, దేశంలోని ప్రతి బ్యాంకూ కొనదలచుకునే రకం. పైగా ఆ రోజుల్లో ఖాళీ పేజీలో ప్రకటనలు పెట్టుకున్నా నెలనెలా డబ్బు వచ్చేది, వెతికే మాటే డొమైన్ పేరైతే గూగుల్ పైన చూపించేది. 2012 సెప్టెంబరులో గూగుల్ ఆ సౌలభ్యాన్ని నాసిరకం సైట్లకు తీసేసింది. కాబట్టి 2012కు ముందు అమ్మకాలను పోలికకు వాడుకుంటే, హైటెక్ సిటీ రోడ్డు మీది గజం రేటు చూసి పొలిమేర పొలానికి ధర చెప్పినట్లవుతుంది. నేమ్‌బయో లాంటి అమ్మకాల జాబితాల్లో అదే భాష, అదే ఎక్స్‌టెన్షన్, అదే వృత్తి, గత అయిదేళ్లు అని నాలుగు జల్లెడలు పట్టి, మిగిలినవాటిలో పైన ఒకటి, కింద ఒకటి తీసేసి మధ్యవి చూడండి. ఏమీ మిగలకపోతే, ఆ రకం పేర్లకు బయటపడిన బేరాలు లేవని అర్థం, అది కూడా సమాచారమే.

ధరను అవకాశంతో గుణించాలి

నా దగ్గరున్న పేర్లలో ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. ఈ వ్యాపారంలో ఉన్న మిగతావాళ్ల నోటా నేను విన్నది దాదాపు ఇంతే. మీ లెక్క వేసి చూద్దాం: ఒక్కో రెన్యువల్ 1,200 రూపాయలనుకుంటే పద్నాలుగు పేర్లకు ఏటా 16,800. నూటికి ఒకటిన్నర చొప్పున పద్నాలుగింటిలో ఒక అమ్మకం జరగడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది, ఈలోగా మీరు కట్టేది 84,000. అమ్మకపు వేదిక పదిహేను శాతం తీసుకుంటే, ఆ ఒక్క పేరూ లక్ష రూపాయలకు పోతే తప్ప మీ అసలు కూడా రాదు. రెండే ఉంచుకుంటే అయిదేళ్ల ఖర్చు 12,000. ఉంచుకోవాలా వద్దా అన్నది ఎప్పుడూ ఈ లెక్కతోనే తేల్చండి. సాధనం చూపిన అంకెకు ఇందులో చోటు లేదు.

చట్టం

జర్మనీ సుప్రీం న్యాయస్థానం 2001 మే నెలలో 'మిట్‌వోన్‌త్సెంట్రాలె' (ఇల్లు పంచుకునేవాళ్లను కలిపే ఏజెన్సీ) కేసులో, మామూలు మాటలను డొమైన్‌గా పెట్టుకోవడం దానంతట అదే తప్పు కాదని చెప్పింది. మన వ్యాపారానికి ఆధారం అదే. అదే ఏడాది నవంబరులో 'షెల్' డాట్ డీఈ కేసులో, ఇంటిపేరే షెల్ అయిన వ్యక్తి కూడా అంతటి పేరున్న చమురు కంపెనీ షెల్‌కు డొమైన్ వదులుకోవలసి వచ్చింది. అందుచేత ట్రేడ్‌మార్కుతో పాటు ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు కూడా చూసుకోవాలి. ఎస్సెన్ అంటే జర్మన్‌లో తినడం, భోజనం. అదే పేరుతో ఒక పెద్ద నగరం కూడా ఉంది. అర్థం చూసి మురిసిపోయి కొన్న పేరు మీద ఇంకెవరికో హక్కు ఉండవచ్చు. డాట్ డీఈకి మనం డాట్ కామ్‌కు ఎరిగిన అంతర్జాతీయ వివాద పద్ధతి వర్తించదు, తగాదా వస్తే జర్మన్ కోర్టుకే పోవాలి. పైగా డెనిక్ దగ్గర ఎవరైనా వివాద నమోదు వేయిస్తే, అది తేలేదాకా పేరును ఇంకొకరికి బదిలీ చేయలేరు.

అమ్మడంలో కూడా ఒక మెలిక ఉంది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపార మెయిల్ పంపడాన్ని జర్మన్ చట్టం ఒప్పుకోదు, పుచ్చుకునేది కంపెనీ అయినా సరే. 2012లో నేను ఈ సంగతి తెలియక ముప్పై మెయిళ్లు పంపితే, ఒకరి వకీలు నుంచి రుసుము కట్టమంటూ హెచ్చరిక పత్రం వచ్చింది. ఆ పేరు మీద వచ్చే లాభం కంటే ఆ పత్రం ఖరీదు ఎక్కువైంది. అప్పటి నుంచి జర్మనీకి తపాలా ఉత్తరాలే రాస్తున్నాను, 'మీరు' అనే మర్యాద రూపంలో, ఒక్క పేజీ మించకుండా. మామూలుగా మాత్రం పేరును అమ్మకానికి పెట్టి కొనేవాళ్లు వచ్చేదాకా ఎదురుచూస్తాను. ఆ ఎదురుచూపు ఖర్చు కూడా విలువలోంచి తీసేయాలి.

చైనా పేర్ల గురించి ఒక్క మాట: అక్కడ అంకెలకూ, అచ్చులు లేని పొట్టి అక్షరాలకూ వేరే లెక్క ఉంది, ఎనిమిది శుభం, నాలుగు అశుభం, 2015లో ఆ పొట్టి పేర్ల ధరలు ఆకాశానికి ఎక్కి ఆ తర్వాత దిగాయి. లోపలివాళ్ల ఆట అది. జపనీస్ లిపి పేరు కూడా అంతే. ఒకే మాటను వాళ్లు మూడు లిపుల్లో రాయగలరు, వ్యాపారి దేన్ని ఎంచుకుంటాడో చెప్పగలిగే తెలివి నాకు లేదు.

తెలుగు లిపి సంగతి. 2014 ఆగస్టులో దేవనాగరిలో డాట్ భారత్ మొదలయ్యాక, తెలుగుతో సహా మిగతా భాషలకూ వచ్చింది; డాట్ కామ్‌లో కూడా ఎడమవైపు భాగం తెలుగులో ఉండవచ్చు. సరదాకు, సొంత వాడకానికి కొనుక్కోండి. మారుబేరానికి నేను కొనలేదు, ఎందుకంటే మన వ్యాపారులే తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు. అందులో మళ్లీ పెళ్లి అనే మాటను ఒకరు ఒక ఎల్ పెట్టి, ఇంకొకరు రెండు పెట్టి, చివర ఐ బదులు వై పెట్టి రాస్తారు. ఒక్క మాటకు అరడజను రూపాలుంటే ఏ రూపానికీ పూర్తి విలువ రాదు. తెలుగు, కన్నడ అక్షరాల్లో కొన్ని చూడటానికి ఒకేలా ఉండటం ఇంకో సమస్య. రేపు మెయిళ్లూ, ఫోన్లూ వీటిని ఇబ్బంది లేకుండా ఒప్పుకుంటే నా అభిప్రాయం మారవచ్చు.

ఇక మీ జాబితా. ఉంచుకోవలసినవి: స్పానిష్‌లో దంత వైద్యానికి సంబంధించిన బహువచన రూపం, ఎందుకంటే ఆ మాట అన్ని దేశాల్లోనూ ఒకటే, గుర్తుల బెడద లేదు, నేను చూసినప్పుడు మాడ్రిడ్‌కూ మెక్సికో సిటీకీ విడివిడిగా ప్రకటనలు కనిపించాయి; రెండోది జర్మన్‌లో పాత కార్ల కొనుగోలుకు సంబంధించిన రెండు మాటల పేరు, దానికి డాట్ డీఈ యజమాని చురుగ్గా వ్యాపారం చేస్తున్నాడు గనుక డాట్ కామ్‌ను కాపాడుకోవడానికైనా ఎప్పుడో అడగవచ్చు. మొదటిదానికి 950 డాలర్లు, రెండోదానికి 700 యూరోలు అడిగే ధరగా పెట్టి, మూడింట రెండు వంతుల దాకా దిగడానికి సిద్ధంగా ఉండండి. డబ్బు చేతులు మారేటప్పుడు ఎస్క్రో (పేరు బదిలీ అయ్యేదాకా డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే ఏర్పాటు) తప్పనిసరి. మిగతావాటిలో ఫ్రెంచ్ రెండూ నాకు తేలలేదు. ఫ్రాన్స్ అని పెట్టి వెతికితే మొదటి పేజీలో ఎన్ని ప్రకటనలు వచ్చాయో, వాటి శీర్షికల్లో మీ మాట ఉందో లేదో ఇక్కడే రాయండి, రెన్యువల్ గడువుకు ముందే చూసి చెబుతాను.